మండపీతల చుట్టరికాలు

పాలు పోయడానికి వచ్చిన జయమ్మ సూర్యారావు ఇంటి వరండాలో తాళ్ళ కింద నుంచి వంగి నడిచింది. అతని కూతురు దివ్య మండపీతల ప్రొటీన్ల పేర్లు చీటీల మీద రాసి, కొబ్బరితాళ్ళతో ఒకదానికొకటి కడుతోంది మరి. ఆ ఇంటి తాళ్ళ సంగతి ఉప్పలగుప్తంలో అందరికీ తెలుసు. సంబంధం నిజమైతే ముడి బిగుస్తుంది, కాకపోతే జారిపోతుంది. ఇదివరకు పెళ్ళిళ్ళకు చూసుకునేవారు, ఇప్పుడు పీహెచ్‌డీకి వాడుతున్నారు.

పండ్ల మీద వాలే చిన్న ఈగలో ఏ ప్రొటీన్ దేనితో కలిసి పనిచేస్తుందో బోలెడు సమాచారం ఉంది. మండపీతను మాత్రం ఏ డేటాబేసూ పట్టించుకోలేదు. అందుకే దివ్య ఈగలోని జతల్ని చూసి, పీతలో వాటి చుట్టాలకు వరసలు కలుపుతోంది.

ఆమె తొందరంతా నాన్న కోసం. అతని చెరువులో పెంచే పీతలు పాత పెంకు వదిలాక కొత్తది గట్టిపడక చచ్చిపోతున్నాయి. విసిగిపోయిన సూర్యారావు కువైట్ వీసా తెప్పించుకున్నాడు. వచ్చేవారమే ప్రయాణం. జబ్బు పీతల్లో ఒక ప్రొటీన్ బాగా తగ్గిందని ల్యాబులో తేలింది గానీ, ఎన్నిసార్లు కట్టినా దాని ముడి నిలవడం లేదు.

"దేనికి కడుతున్నావే?" అంది మామ్మ అమ్మాజీ.

"వాళ్ళక్క జతకే మామ్మా. ఈగలో ఒక్కటిగా ఉన్న ప్రొటీన్ పీతలో రెండై అక్కాచెల్లెళ్ళయ్యింది. ఇది చెల్లెలు."

అంటూనే దివ్య నాలిక కరుచుకుంది. అక్కతోపాటు చెల్లెల్నీ అదే అత్తారింటికి పంపేసింది తను. వెంటనే తాడు వదిలేసింది. అది నేల మీద పాక్కుంటూ జయమ్మ పాలక్యాను చుట్టూ తిరిగి, చివరి చీటీకి ఎక్కి బిగుసుకుంది. పెంకు గట్టిపడటానికి కావలసిన మెగ్నీషియాన్ని నీళ్ళలోంచి ఒంట్లోకి లాక్కునే ప్రొటీన్ అది. దివ్య లోపలున్న సూర్యారావుని కేకేసింది.

"నాన్నగారూ, చెరువు నీళ్ళు ఓ సీసాలో పట్టండి."

"ఇప్పుడెందుకే? ఏజెంటుకి పాస్‌పోర్టు కూడా ఇచ్చేసేను."

"ఒక్కసారి చూద్దామండీ."

పరీక్ష చేయిస్తే, వానలకు నీళ్ళు పలచబడి మెగ్నీషియం సగానికి పడిపోయిందని తెలిసింది. సూర్యారావు ఆశ లేకపోయినా, కూతురి మాట కాదనలేక చెరువులో మెగ్నీషియం చల్లాడు.

ప్రయాణానికి ముందురోజు పీతల్ని చూడటానికి దిగాడు. మెత్తటి పీతలకు అలవాటుపడ్డ చెయ్యి కదా, జాగ్రత్త మరిచిపోయి, కొత్త పెంకు కట్టుకున్నదాన్ని ఉత్త చేత్తో పట్టుకున్నాడు. అది బొటనవేలు పట్టేసింది. నెత్తురు కారింది.

"కరిచిందే అమ్మాయ్. గట్టిగా కరిచింది," అన్నాడు నవ్వుతూ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు.

దివ్య విడిపించబోతే ఉండమన్నాడు. రెండో చేత్తో ఫోను తీసి ఏజెంటుకి కలిపాడు.

"ఆయ్, సూర్యారావునండీ. నేను వెళ్ళట్లేదండి. నా పాస్‌పోర్టు ఇటు పంపించెయ్యండి."