గేర్‌బాక్సులో పాత నూనె

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. మా గల్లీలో ఎవరు ఆ సామెత ఎత్తినా ఓరకంట నన్నే చూస్తారు. చూస్తే చూడనీ. మంచి నోరు పెట్టుకుని బొంబాయి కామాటిపురాలో ఒక ఆడది గ్యారేజీ నడపగలదంటే, ఎట్లాగో వచ్చి నాకు నేర్పమనండి. నా పేరు రత్నాబాయి. ఫోరస్ రోడ్డు నుంచి మా గల్లీలోకి తిరగ్గానే కనిపించే రేకుల షెడ్డు మాదే. మా నాన్న అందులో పసుపు నలుపు టాక్సీలు బాగుచేసేవాడు. ఆయన తర్వాత నేను చేశాను. ఇప్పుడు ఎక్కువ పని నా కొడుకు బంటీ చేస్తున్నాడు. ఆ ఆదివారం వాడి మీద వచ్చిన కోపం నాకింకా పూర్తిగా దిగలేదు. లోపల పెట్టుకుంటే అరగదు కాబట్టి చెబుతున్నాను.

అంతటికీ మూలం శైలేష్ కారు. శైలేష్ మావాడే. వాళ్ళ తాత, మా తాత ఒకే మేస్త్రీ కింద సున్నం తట్టలు మోశారు. ఇప్పుడు అతను పెద్ద కాంట్రాక్టరు. దాదర్‌లో ఫ్లాటు, చేతికి బంగారు కడియం, నోట్లో తెలుగు ఒక్క ముక్క లేదు. ఈ మధ్య రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. కారు ఎవరో వాడేసినదే గానీ దాని మీద అతని డాబు మాత్రం కొత్తది. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు వేస్తే కరకరమంటోందని మా దగ్గరికి తెచ్చాడు. పెద్ద వర్క్‌షాపులో గేర్‌బాక్సు మొత్తం దించాలన్నారట. ముందు నూనెలు మార్చి చూద్దామని బంటీ అన్నాడు. ఆ మాట మాత్రం సరైన మాటే.

ఇప్పటి కార్లు చాలావరకు ముందు చక్రాలతో నడుస్తాయి. ఈ ఎర్ర కారు మా పాత టాక్సీల్లాగా వెనక చక్రాలతో నడుస్తుంది. అందుకే గేర్‌బాక్సు కాక, వెనక చక్రాల మధ్య పళ్ళ చక్రాల డబ్బా ఇంకొకటి ఉంటుంది. కంపెనీ వాళ్ళు డిఫరెన్షియల్ అంటారు, మేం క్రౌన్ అంటాం. ఈ కారులో గేర్‌బాక్సుకి పలుచటి నూనె పోయాలి, క్రౌన్‌కి చిక్కటిది. ఆ చిక్కటిది మురిగిన కోడిగుడ్డులా కంపు కొడుతుంది. ఏ డబ్బా విప్పినా మా నాన్న ఒకటే నియమం చెప్పేవాడు. పైన నూనె పోసే బిరడా ముందు విప్పాలి, కింద కార్చే బిరడా తర్వాత విప్పాలి. కింది నుంచి అంతా కార్చేశాక పైది తుప్పు పట్టి బిగుసుకుపోయిందని తెలిస్తే, ఖాళీ బండి ముందు తల పట్టుకుని కూర్చోవాల్సిందే.

బంటీ రెండు రకాల కొత్త నూనె తెచ్చాడు. కారు బాగుపడితే తన స్నేహితుల కార్లన్నీ ఇక్కడికే పంపిస్తానని శైలేష్ ఆశ పెట్టాడు. అప్పటి నుంచి బంటీ కాళ్ళు నేల మీద లేవు. ఆ వారం ధారావిలో మా చెల్లెలింట్లో పెళ్ళి ఉండి నేను షెడ్డుకు రాలేదు. పని బంటీ, మొగులయ్య కలిసి చేశారు.

మొగులయ్య పాలమూరు మనిషి. బిల్డింగు పనుల్లో కాంక్రీటు మిక్సర్లు నడిపి నడిపి, నడుము పట్టేసి, మా దగ్గర చేరాడు. నోట్లో నాలుక లేని మనిషి. తెలుగు వచ్చు, పనికి సరిపడా హిందీ వచ్చు, మరాఠీ రాదు. అతని భార్య పోచమ్మ మా చాల్‌లోనే, అంటే మేముండే వరుస గదుల బిల్డింగులోనే, ఇళ్ళలో గిన్నెలు తోముతుంది. ఆ ఇళ్ళ వాళ్ళు తాళంచెవులు కూడా ఆమె చేతికే ఇచ్చి పోతారు. ఆ నమ్మకం మీదే వాళ్ళ పొయ్యి వెలుగుతోంది.

ఇక నా కొడుకు సంగతి. బంటీకి తెలుగు రాక కాదు, మాట్లాడడు. బళ్ళో పిల్లలు కామాటీ, కామాటీ అని, అంటే తెలుగు కూలీ అని, ఏడిపించారని చిన్నప్పుడే మానేశాడు. నేను తెలుగులో అడుగుతాను, వాడు మరాఠీలో జవాబిస్తాడు. తిట్టాను, బతిమాలాను, తెలుగులో అడిగితే గానీ అన్నం పెట్టనన్నాను. వాడు వడాపావ్ తిని వచ్చాడు. చివరికి నాకే విసుగొచ్చి వదిలేశాను.

ఆ ఆదివారం ఇంకా భోజనాల వేళ కాలేదు. శైలేష్ ఎర్ర కారును మా షెడ్డుకు అడ్డంగా ఆపి, దిగుతూనే అరుపులు మొదలుపెట్టాడు. గేరు ముందు ఎట్లా కరకరలాడేదో ఇప్పుడూ అట్లాగే ఉందట, ఇంత మంచి నూనె తాగిన బండి ఎందుకు బాగుపడలేదట. బంటీ కారును షెడ్డులోని రిపేరు గొయ్యి మీదికి ఎక్కించి, కిందికి దిగి గేర్‌బాక్సు బిరడా విప్పాడు. కొత్త నూనె అయితే తేనె రంగులో రావాలి. వచ్చింది చూస్తే నల్లగా, ఇనుప పొడితో మెరుస్తూ ఉంది. బంటీ చప్పున పై అర వైపు చూశాడు. అక్కడ పాత గుడ్డల వెనక పలుచటి నూనె డబ్బా సీలు విప్పకుండా నిండుగా ఉంది.

బంటీ చూసిన చోటికే శైలేష్ కూడా చూశాడు. అంతే, పక్కనే నిలబడ్డ మొగులయ్యకు వేలు చూపించి చోర్ అన్నాడు. కొత్త నూనె దాచి అమ్ముకోవడానికి పాతది పోశాడన్నాడు. నా కొడుకు అయినా ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలా వద్దా? వాడు అంతకంటే గట్టిగా, ఫోరస్ రోడ్డు దాకా వినబడేట్టు, మొగులయ్యను చోర్ చోర్ అని హిందీలో తిట్టాడు. చాయ్ బండి దగ్గరున్న వాళ్ళు వచ్చి గుమిగూడారు. పై అంతస్తుల వరండాల్లో జనం నిలబడ్డారు. వీధి కుళాయి దగ్గర పోచమ్మ బిందె పట్టుకుని ఉంది. పై నుంచి దర్శన, కొంకణ్ వాళ్ళ కోడలు, రేపటి నుంచి మా ఇంటికి పనికి రావొద్దని పోచమ్మకు కేకేసి చెప్పింది. పోచమ్మ బిందె కింద పెట్టేసింది.

అబద్ధమెందుకు, నా కోపమూ ముందు మొగులయ్య మీదికే పోయింది. నా షెడ్డులో నిలబడి నా తండ్రి పేరుకి మసి పూస్తావా అని మీదికి వెళ్ళి అడిగాను. అతను భయపడలేదు. నా మొహంలోకి సూటిగా చూశాడు.

"బంటీ సేటే జెప్పిండక్కా, గేర్‌బాక్సుల పాత తేల్ పొయ్యమని. పాతదేనా అని మల్లొకపారి అడిగిన. పాతదే అన్నడు. గుడ్డల వడగట్టి పోసిన."

గోడకు కొట్టిన మేకుకి ఆ గుడ్డ ఇంకా వేలాడుతోంది, నల్లగా, నూనె ఓడుతూ. అతను పనిచేసిన చోట మిక్సర్లలో పాత నూనె అట్లాగే వడగట్టి మళ్ళీ పోస్తారట. అందుకే అతనికి ఇందులో వింతేమీ కనిపించలేదు. కొత్తది ఎప్పుడు అడిగితే అప్పుడు ఇద్దామని సీలు కూడా తీయకుండా పైన పెట్టాడు. దొంగ అనేవాడు ఎవడైనా ఒకరి బండికి పాత నూనె వడగట్టి పోసేంత శ్రద్ధ చూపిస్తాడా?

"ఖోటం బోల్తోయ్, ఆయీ! మీ పాతళ్ తేల్ సాంగితలం," అని బంటీ అరిచాడు. అబద్ధం చెబుతున్నాడమ్మా, నేను చెప్పింది పాతళ్ తేల్ అని.

పాతళ్ తేల్. పాత తేల్. ఆ రెండు మాటలూ నా చెవిలో ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. మరాఠీలో తేల్ అంటే నూనె, పాతళ్ అంటే పలుచన. గేర్‌బాక్సులో పలుచటి నూనె పొయ్యి అని బంటీ మరాఠీలో చెబితే, మొగులయ్యకు అది పాత నూనె అని తెలుగులో వినబడింది. అనుమానమొచ్చి పాతదేనా అని అడిగితే, మా దొరగారు ఫోన్లోంచి తల ఎత్తకుండా పాతళ్‌చ్, అంటే పలుచటిదే, అని ఉంటాడు. సగం తెలుగు, సగం మరాఠీ ఉన్న మా కొంపలో తప్ప ఇట్లాంటి తప్పు ఇంకెక్కడ జరుగుతుంది?

నాకు అర్థమైన క్షణంలోనే బంటీకీ అర్థమైంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మొగులయ్య ఏమంటున్నాడని శైలేష్ అడిగాడు. నిజం చెబుతాడని నేను బంటీ మొహం వైపే చూస్తున్నాను. వాడు శైలేష్ వైపు ఒకసారి, ఎర్ర కారు వైపు ఒకసారి చూసి, ఏం లేదు, సాకులు చెబుతున్నాడు అన్నాడు. అయితే ఈ దొంగని ఇప్పుడే పంపించెయ్యి, లేకపోతే నా స్నేహితుల కార్లు ఇటు రావన్నాడు శైలేష్. బంటీ తేలు కుట్టిన దొంగలా నిలబడి, సరేనని తలూపాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి రెక్క పట్టుకుని మూలకు లాక్కుపోయాను. ఏరా, తాతయ్య ఏం నేర్పాడు నీకు, పోసే దారి చూసుకోకుండా కార్చెయ్యొద్దని కదా, ఒక మనిషి పరువు నలుగురిలో కార్చేశావు, మళ్ళీ ఎట్లా నింపుతావు అని అడిగాను. ఇప్పుడే పోయి మొగులయ్యతో తప్పు నాదని చెప్పు, లేకపోతే ఈ షెడ్డు గడప తొక్కనివ్వనన్నాను. నేనన్నంత పనీ చేస్తానని వాడికి తెలుసు.

వాడు వెళ్ళి మొగులయ్య ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు నాదే, మొగులన్నా. పాతళ్ అంటే పలుచన అన్నట్టు. నువ్వు దొంగవు గాదు. మనసుల వెట్కోకు."

తెలుగు! నా కొడుకు నోట తెలుగు. ఒక్క పొల్లు తప్పకుండా, అచ్చం మా నాన్న మాట్లాడినట్టే ఉంది. అన్నా అని పిలిచాడు, ఎన్నడూ మొగుల్యా అని తప్ప పిలవనివాడు. ఇంత కోపంలోనూ, దేవుడా, ఇన్నేళ్ళకు నా మొర విన్నావా అనుకున్నాను.

అనుకుంటూ అటు చూద్దును కదా, శైలేష్ కారుకి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పైన దర్శన చెయ్యి నడుముకి పెట్టుకుని అట్లాగే నిలబడి ఉంది, ఆమెకూ అర్థం కాలేదు. చాయ్ బండి వాళ్ళకు ఏమీ తెలియలేదు. అప్పుడు వెలిగింది నాకు. చోర్ అన్నప్పుడు గల్లీ గల్లీకీ అర్థమయ్యే భాష వాడాడు. తప్పు నాదనాల్సి వచ్చేసరికి, ఎవరికీ అర్థం కాకుండా ఉండే భాష వెతుక్కున్నాడు. ఇన్నేళ్ళు నేను కాళ్ళావేళ్ళా పడి అడిగిన తెలుగును, సిగ్గు దాచుకోవడానికి బయటికి తీశాడు. చెంప మీద కొట్టినా నాకంత నొప్పి పుట్టేది కాదు.

"తిట్టినప్పుడు గల్లీ మొత్తం ఇనేటట్టు తిట్టినవ్. మాఫీ మాత్రం నా భాషల గుసగుస జెప్తవా? మరాఠీల జెప్పు. శైలేష్ ఇనాలె, మీద దర్శన ఇనాలె. జోర్‌గ జెప్పు!"

తెలుగులో మాట్లాడరా అని ఏళ్ళ తరబడి కొడుకు ప్రాణం తీసిన నేను, ఆ రోజు మరాఠీలో చెప్పరా అని గల్లీ మధ్యలో నిలబడి అరిచాను.

బంటీ నా దగ్గరికి వచ్చి, చెబితే ఆ కార్లన్నీ పోతాయి ఆయీ అని గొణిగాడు. పోనీ అన్నాను. వాడు నేల చూస్తూ మరాఠీలో మొదలుపెట్టాడు. వినబడలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. ఇంకా పైకి అన్నాను. అప్పుడు తలెత్తి, వరండాల దాకా వినబడేట్టు చెప్పాడు. తప్పు తనదని, తను పలుచటిది అన్నది అతనికి పాతది అని వినబడిందని, అతను రెండోసారి అడిగినా తాను సరిగా వినలేదని, మొగులయ్య ఏమీ దొంగిలించలేదని. నిజం తెలిశాక కూడా తాను నోరు మూసుకున్నానన్న ఆ చివరి మాట వాడంతట వాడే అన్నాడు.

ఒక్క భాష సరిగా తెలియని వాళ్ళకు నా కారు ఇచ్చానని శైలేష్ విసుక్కున్నాడు. మీ అవ్వకు రెండు భాషలూ వచ్చు బాబూ, అందులో ఒకటి పోగొట్టుకున్నది నువ్వే అని జవాబిచ్చాను. నూనె పోసి పెట్టండి, డ్రైవరు వచ్చి తీసుకుంటాడు, ఇక మళ్ళీ రానని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. దర్శన లోపలికి పోబోతూ ఆగి, రేపు పనికి రమ్మని పోచమ్మకు మెల్లగా చెప్పింది. చెప్పేటప్పుడు మాత్రం కేక వెయ్యలేదు. పోచమ్మ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మొగులయ్య ఇంతసేపూ చేతులు తుడుచుకుంటూ నిలబడే ఉన్నాడు. జనం చెదిరాక నా దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నడక్కా మరాఠీల?"

"నువ్వు దొంగవు గాదన్నడు."

"అది నాకెర్కనే గద. ఆళ్ళకు సమజైందా?"

అయిందన్నాను. సరేనని, పై అర మీది కొత్త డబ్బా దించుకుని, గొయ్యిలోకి దిగాడు.