చొక్కా మీది స్టెతస్కోపు

అసూయకు చదువుతో పనిలేదు. డాక్టర్లున్న ఇంట్లో కూడా అది దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.

ఆ ఉదయం మామగారు దగ్గుతూ కుర్చీలో కూర్చున్నారు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. డాక్టరైన పెద్దకోడలు ఆయన చొక్కా మీదే స్టెతస్కోపు ఆనించి, "గొంతు పట్టిందంతే మామయ్యగారూ" అంది. ఆసుపత్రిలో ఏ రోగినీ అలా గుడ్డ మీద చూడదు. ఇంట్లో మాత్రం మొహమాటం.

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఆమె మాటే వేదం. చిన్నకోడలుగా మరో డాక్టరు వచ్చినప్పటినుంచి అత్తగారి మోకాళ్ల నొప్పి కూడా అటే తిరిగింది. పెద్దకోడలికి కడుపు మండిపోయేది.

"చొక్కా తీస్తారా మామయ్యగారూ, వీపు వైపు వింటాను" అంది చిన్నకోడలు.

"ఇన్నేళ్లలో నేనెప్పుడైనా అలా అడిగానా?" అంది పెద్దకోడలు చురచుర చూస్తూ.

ఆయనే చొక్కా విప్పారు. చిన్నకోడలు విని, "అక్కా, కుడివైపు కింద ఊపిరిలో చిటపటలున్నాయి" అంది.

"వీపు మీద వెంట్రుకల రాపిడిలే! నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తావా?"

ఆ పిల్ల వెంట్రుకలు అణిగి రాపిడి లేకుండా తడిగుడ్డతో వీపు తుడిచి పక్కకు జరిగింది. తప్పని తేల్చాలనే పెద్దకోడలు స్టెతస్కోపు పెట్టింది. ఎడమవైపు ఊపిరి నిర్మలంగా ఉంది. కుడివైపు కింద, ఊపిరి పీల్చే చివర్లో, చెవి దగ్గర జుట్టు నలిపినట్టు సన్నటి చిటపట. దగ్గించి మళ్లీ విన్నా పోలేదు. 'ఏమీ లేదు' అంటే చాలు, తన పెద్దరికం నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఆయన ఆయాసపడుతూ వెనక్కి తిరిగారు. "నువ్వు చెప్పమ్మా పెద్దమ్మాయ్. నువ్వంటే నాకు గురి."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "చెల్లి చెప్పిందే నిజం మామయ్యగారూ. ఊపిరితిత్తికి నిమ్ము చేసింది. ఆసుపత్రికి వెళ్దాం పదండి."

ఎక్స్‌రే కూడా అదే చెప్పింది. నయమై ఇల్లు చేరాక ఆయన కోడళ్లిద్దరినీ పిలిచారు.

"బానెట్ ఎత్తకుండా ఇంజను బాగుందన్నావు కదమ్మా!" అని పెద్దకోడలిని చూసి నవ్వారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన నవ్వు ఆపి నెమ్మదిగా అన్నారు.

"నా చొక్కా నేనే తీసి పక్కన పెట్టాను. అసూయను మాత్రం ఎవరిది వాళ్లే తీసెయ్యాలి తల్లీ. అది అడ్డమున్నంతకాలం, ఎంత చదివినా ఎదుటి మనిషి ఊపిరి వినపడదు."