తడిగుడ్డ కింద పీహెచ్‌డీ

మా అత్తగారు రూతమ్మగారికి పల్చగా కనిపించిన ప్రతిదీ పూతరేకే. ఆత్రేయపురంలో పుట్టిన మనిషి, ఏం చెప్తాం!

తొంభై ఎనిమిదిలో నా పీహెచ్‌డీకి గండం వచ్చి పడింది. రంగు మారే పూత పూసిన రెండు అద్దాల మధ్య పాలిమర్ ఎలక్ట్రోలైట్ అనే పల్చటి పొర పెట్టి బ్యాటరీ తగిలిస్తే అద్దం నీలంగా మారాలి. తీగలు అటుదిటు మార్చి తగిలిస్తే మళ్లీ తేటపడాలి. నాదానికి అసలు నీలమే ఎక్కడం లేదు. కొత్తపేటలో పెళ్లికి వస్తూ మా ఇంట్లో ఆగి చూస్తానన్నారు గైడు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. ఈసారీ కాకపోతే అంశం మార్చేయమని ముందే చెప్పేశారు. అంటే ఇన్నేళ్ల చాకిరీ గోదాట్లో కలిసినట్టే.

ఉన్న ఒక్క మంచి పొరనీ స్టీలు డబ్బాలో దాచి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అది తడిగుడ్డ కింద ఉంది.

"అత్తయ్యగారూ! ఏంటండీ ఇది?"

"రేకు పెళుసుగా అయిపోయిందే నిర్మలా. తడి తగలకపోతే మడతలో విరిగిపోదూ? పంచదార ఎక్కడ పెట్టేవు?"

"అది తినేది కాదండీ!"

"తినని రేకు డబ్బాలో దాచుకోడం ఏంటే, విడ్డూరం!"

ఏడుపొచ్చింది. గట్టిగా అరిచాను కూడా. ఇంతలో గుమ్మంలో గైడుగారు చెప్పులు విప్పుతున్నారు.

వేరే పొర లేదు. చేసేది లేక ఆ తడిసినదాన్నే అద్దాల మధ్య బిగించి, బ్యాటరీ తగిలించి కళ్లు మూసుకున్నాను.

"అమ్మబాబోయ్, సిరాబుడ్డిలా అయిపోయిందండీ!" అన్నారు అత్తగారు.

కళ్లు తెరిస్తే నిజంగానే నీలం! గైడుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"దీనికి తేమ తగిలిందా?"

తలూపాను.

"తేమ ఉంటే అయాన్లు బాగా కదుల్తాయి. సరే, ఇప్పుడా రంగు పోగొట్టు."

తీగలు మార్చి తగిలించాను. నీలం మెల్లగా పల్చబడి, అద్దంలోంచి మా పెరట్లో కొబ్బరిచెట్టు కనిపించింది.

"అంశం మార్చక్కర్లేదమ్మా. ఎంత తేమ కావాలో కొలిచి రాయి," అన్నారాయన.

అత్తగారు మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నారు. "మంచి రంగొస్తే పోగొట్టేసేవేంటే? ఇన్నేళ్లు చదివి మళ్లీ ఉత్తద్దమే చేసేవా?"

"ఆ ఉత్తద్దం కోసమేనండీ చదువంతా," అని నవ్వారు గైడుగారు.

"ఆయ్!" అంటూ లోపలికెళ్లి పూతరేకుల పళ్లెం తెచ్చారావిడ. ఆయన ఒకటి తీసి, అనుమానంగా వెలుతురుకేసి పట్టి చూశారు.

"తినండి, అవి నావే. మా అమ్మాయి రేకు మాత్రం ముట్టుకోకండేం. దాని పీహెచ్‌డీ అంతా అందులోనే ఉందండీ."