చిలుము కింది టంకం

తదేయూసు పొద్దున్నుంచీ ఒక టార్చిలైటు పొట్ట గోకుతున్నాడు. స్ప్రింగు చుట్టూ పచ్చటి చిలుము గడ్డకట్టి ఉంది. పళ్ళు తోముకునే పాత బ్రష్షును కొబ్బరికల్లు పులిసిన వెనిగర్‌లో ముంచి రుద్దడం, కాసేపు నాననివ్వడం, గుడ్డతో తుడిచి స్పిరిట్ పూయడం, ఆరాక ఇసుక కాగితంతో లోహం మెరిసేదాకా గీకడం. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆ రేవులో ఉప్పుగాలికి రెండేళ్ళు ఆగే వస్తువు లేదు కాబట్టి పనికి కొదవ లేదు. అతని వేళ్ళ సందుల్లో చర్మం ఎప్పుడూ పాలిపోయి, పులిసిన వాసన వేస్తూ ఉంటుంది. పులుసులో పులుపు లేకపోయినా మా అన్నకు తేడా తెలియదని చెల్లెలు ఎగతాళి చేస్తుంది.

కొట్టంటే కొట్టు కాదు. చేపల వేలంపాట పాడే షెడ్డు గోడకు ఆనించి కట్టిన రేకుల గూడు. ఒక బల్ల, ఒక స్టూలు, గోడనిండా మేకులు, మేకులకు వేలాడే రేడియోలు, టార్చీలు, పడవవాళ్ళ జీపీఎస్‌లు. తదేయూసుకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. సోడాబుడ్డి కళ్ళద్దాలు. బల్ల మీదికి వంగీ వంగీ మెడ అలాగే ఉండిపోయింది. తాతముత్తాతలంతా సముద్రం మీద బతికినవాళ్ళే. ఇతన్ని మాత్రం పదిహేడో ఏట మూడుసార్లు పడవెక్కిస్తే మూడుసార్లూ పసరు కక్కి స్పృహ తప్పాడు. “వీడు నేల మనిషిరా, దించెయ్యండి” అని తండ్రి ఇసుకలోకి తోసేశాడు. ఆ పేరే అతుక్కుపోయింది. నాగర్‌కోయిల్ వెళ్ళి రేడియో మరమ్మతు నేర్చుకొచ్చి ఈ గూట్లో కూర్చున్నాడు. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చింది. సముద్రం మీదికి పోనివాడు కూడా మగాడేనా అని రెండుసార్లూ పిల్ల తరఫువాళ్ళు వెనక్కి తగ్గారు. పాపం, అతను దానికి ఎవరినీ ఒక్క మాట అనలేదు. చెల్లెలి ఇంట్లో ఓ మూల పడుకుంటాడు, పొద్దున్నే వచ్చి తాళం తీస్తాడు.

అయినా పడవవాళ్ళకు అతనంటే గురి. చేపలు పడే తావుల గుర్తులన్నీ ఎవడికి వాడు జీపీఎస్‌లో దాచుకుంటాడు. అన్నకు తమ్ముడు చెప్పడు, మామకు అల్లుడు చెప్పడు. అలాంటి వస్తువును తదేయూసు చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్ళిపోతారు. వెలిగిందా లేదా చూసి తెర బోర్లించేస్తాడు తప్ప లోపలేముందో చూడడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

“ఏమయ్యా నేల తదేయూసూ, టీ చల్లారి నీళ్ళయింది. ఆ టార్చిని గానీ పెళ్ళాడబోతున్నావా?” అంది పక్క టీకొట్టు త్రేసమ్మ.

“అది ఒప్పుకుంటే చేసుకోనా మరి. నీలా అరవదు.”

“అరిచే మనిషి లేకే నువ్విలా చిలుము పట్టి కూర్చున్నావు.”

ఇంకా ఏదో అనబోయిన త్రేసమ్మ షెడ్డు వైపు చూసి నోరు మూసుకుంది. జెసింతా వస్తోంది. అరుళప్పన్ పెళ్ళాం. పోయినేడు సముద్రంలో పడి మళ్ళీ దొరకని అరుళప్పన్. ఆమె చేతిలో తువ్వాలులో చుట్టిన చిన్న మూట ఉంది. అది విప్పకముందే అందులో ఏముందో తదేయూసుకు తెలిసిపోయింది. ఏడాదిగా అతను భయపడుతున్నది దానికే.

ఆమె బల్ల మీద పెట్టి విప్పింది. నల్లటి జీపీఎస్, అరచేతిలో పట్టేంతది. బ్యాటరీ సెల్లు పెట్టే అర మూత అంచుల్లోంచి తెల్లటి పొడి బయటికి తన్నుకొచ్చింది.

“అన్నా, రేపు ఆయన ఏడాది పూజ,” అంది. “పూజయ్యాక పడవ మీద వెళ్ళి పూలు వేసి రావాలని ఉంది. ఎక్కడని వేస్తాం? మా మరిది జెరోంకి చోటు చెప్పడం రావట్లేదు. దీనికొక్కదానికే తెలుసు.”

“సెల్లు తీయలేదా అమ్మా?”

“ఎలా తీస్తాను. ఆయన చేత్తో వేసినవి.”

సెల్లు అలా వదిలేస్తే కారతాయని ఆ రేవులో ఎవరినడిగినా చెబుతారు. ఆమెకూ తెలుసు. తెలిసే పునీత అంతోనివారి పటం ముందు ఏడాది పాటు అలాగే ఉంచింది.

“వస్తుందా అన్నా?”

“గుర్తు లోపల పదిలంగానే ఉంటుంది. కరెంటు అందాలి, అంతే. సాయంత్రం రా.”

ఆమె వెళ్ళాక చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. పోయినేడు అంతోనివారి తేరు పండుగ నాడు ఇదే జీపీఎస్ ఇదే బల్ల మీదికి వచ్చింది. స్ప్రింగు పుచ్చిపోయింది. కొత్తది వేసి టంకం పెట్టాలి. కింద రేకు మీది తుప్పును మెరిసేదాకా గోకి ఆ తర్వాతే టంకం వేయాలన్నది తదేయూసు తనకు తాను పెట్టుకున్న కట్టడి. ఆ రోజు గోకాడా? గుడి గంటలు, బ్యాండు మేళం, బాణసంచా. అరుళప్పన్ తలమీద నిలబడి, “అన్నా, తేరు కదిలిపోతోంది, ఏదో ఒకటి అంటించి ఇచ్చెయ్” అని ఒకటే తొందర. అంటించి ఇచ్చాడు. గోకాడో లేదో మాత్రం గుర్తు లేదు. ఏడాదిగా గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు, రావడం లేదు.

తేరు అయిన ఎనిమిదో నాడు, తెల్లవారుజామున, వల లాగుతూ అరుళప్పన్ నీళ్ళలో పడ్డాడు. పడవలో ఉన్నది అతని తమ్ముడు జెరోం ఒక్కడే. కేక విని తిరిగి చూసేసరికి అన్న లేడు. మనిషి పడితే నొక్కే మీట ఒకటి జీపీఎస్‌కు ఉంటుంది, ఆ చోటు గుర్తుండిపోతుంది. జెరోం అది నొక్కాడు. పడవ తిప్పుతుండగా ఒక అల కొట్టింది, జీపీఎస్ ఆరిపోయింది. మూత తీసి సెల్లు నొక్కాడు, తుడిచాడు, తొడ మీద కొట్టాడు. వెలగలేదు. తెల్లారేదాకా చీకట్లో అన్నా అన్నా అని అరుస్తూ ఊహమీద తిరిగాడు. సెల్లు అయిపోయి ఉంటాయని రేవంతా అనుకుంది. తదేయూసు పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది.

మూత తీశాడు. సెల్లు రెండూ ఉబ్బి, పగిలి, గోడలకు అంటుకుపోయాయి. పట్టకారుతో జాగ్రత్తగా ఊడదీసి కాగితం మీద పెట్టాడు. లోపల స్ప్రింగూ టంకమూ కనబడకుండా తెల్లగా పచ్చగా పెచ్చు కట్టి ఉంది. వెనిగర్ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. పోస్తే బుసబుసమని పొంగి అంతా కరిగిపోతుంది. ఆ రోజు ఎందుకు ఆరిపోయిందో ఇక ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు. సెల్లు కారి పాడైందని చెప్పేయవచ్చు, అది అబద్ధమూ కాదు. గిన్నె పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. త్రేసమ్మ రెండుసార్లు పిలిచినా వినబడలేదు.

గిన్నె కింద పెట్టి సూది తీసుకున్నాడు. తడి తగలకుండా పొడిపొడిగానే పెచ్చు ఒలిచాడు. గంట పైగా పట్టింది. చివరికి స్ప్రింగు బయటపడింది. పట్టకారు కొనతో అలా తాకాడో లేదో టంకంతో సహా చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూశాడు. టంకం అడుగు నల్లగా ఉంది. దాని కింద రేకు మీద ఇసుక కాగితం గీత ఒక్కటీ లేదు. పాత తుప్పు ఉన్నది ఉన్నట్టే ఉంది.

గోకలేదు.

అతనికి ఏడుపు రాలేదు. బయటికి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు పంపిన కర్రపెండలం, చేపల పులుసు మూత తీయకుండానే ఉండిపోయాయి.

తరువాత పనిలో కూర్చున్నాడు. రేకును అద్దంలా మెరిసేదాకా గీకాడు. లోపలి తీగకు పాకిన చిలుమును దూదితో చుక్కచుక్కగా తీశాడు. కడిగాడు, ఆరబెట్టాడు, మళ్ళీ గీకాడు. కొత్త స్ప్రింగు పెట్టి టంకం వేసి, చల్లారాక పట్టకారుతో గట్టిగా లాగి చూశాడు. కదల్లేదు. జన్మలో అంత బాగా ఏ పనీ చేయలేదు. ఆ సంగతి తెలిసి ఇంకా దుఃఖం వచ్చింది.

నాలుగింటికి కొత్త సెల్లు వేసి ఆకాశం కింద పెట్టాడు. తెర వెలిగింది. మొదటిసారి ఒకరి గుర్తుల్లోకి తొంగి చూశాడు. మునుగుతున్న మనిషి బొమ్మ ఒకటి, పక్కన దూరం. తొమ్మిది మైళ్ళు.

జెసింతా రాగానే చూపించాడు. ఆమె ఆ బొమ్మ మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

“అమ్మా, ఒక మాట చెప్పాలి,” అన్నాడు. “ఆ రోజు ఇది ఆరిపోయింది సెల్లు అయిపోయి కాదు. నేను వేసిన టంకం ఊడింది. కింద తుప్పు గోకకుండా వేసేశాను.”

అరుళప్పన్ తొందరపెట్టిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చనిపోయినవాడి మీదికి నెట్టడానికి మనసొప్పలేదు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. “గోకితే ఎంతసేపు పట్టేది?”

“పది నిమిషాలు.”

ఆమె కాగితం మీది పాత సెల్లు రెండూ తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది. జీపీఎస్ బల్ల మీదే వదిలేసింది.

మర్నాడు పూజ జరుగుతున్నంతసేపూ తదేయూసు గుడి బయట నిలబడ్డాడు. తరువాత వాళ్ళ వెనకే ఇసుకలోకి దిగాడు. జెరోం పడవను నీళ్ళలోకి తోస్తున్నాడు. తదేయూసు జీపీఎస్ చాచాడు. జెరోం దాన్ని చూశాడే గాని అందుకోలేదు.

పడవలో కూర్చున్న జెసింతా ఒడిలో చామంతుల దండ ఉంది. “ఎక్కు,” అంది. “మళ్ళీ ఆరిపోతే బాగుచేసేవాడు ఉండాలిగా.”

“అన్నా” అని పిలవలేదు. అతను అది గమనించాడు. లుంగీ ఎగగట్టుకుని ఎక్కాడు.

ఒడ్డు కనుమరుగు కాకముందే కక్కుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. రెండు చేతుల్తో జీపీఎస్ పట్టుకుని, కొంచెం ఎడమకు, ఇంకొంచెం ఎడమకు అని చెబుతూ ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు పడవ అంచు మీదికి వంగాడు, మళ్ళీ లేచి తెర చూశాడు. మైళ్ళు పోయి మీటర్లు వచ్చాయి. సున్నా దగ్గర చెయ్యెత్తాడు. జెరోం ఇంజను ఆపాడు.

అక్కడ ఏమీ లేదు. చుట్టూ ఉన్న నీళ్ళలాంటి నీళ్ళే. జెసింతా దండను రెండు చేతుల్తో నీళ్ళమీద పెట్టి జపమాల అందుకుంది. దండ పడవ పక్కనే, అంటుకున్నట్టు, మెల్లగా ఊగుతూ ఉంది. తదేయూసు మాత్రం తెర మీంచి కళ్ళు తీయలేదు. సున్నా ఇరవై అయింది. అరవై అయింది. రెండు వందలు దాటింది. ఇంజను ఆగే ఉంది, పడవ నిలిచే ఉన్నట్టుంది, దండ పక్కనే ఉంది.

జపం మధ్యలో ఆమె తల తిప్పింది. “అక్కడే ఉన్నామా?”

అవునంటే సరిపోయేది. “లేదమ్మా,” అన్నాడు. “మూడు వందల మీటర్లు జరిగాం.”

“మనం కదల్లేదు కదా.”

“నీటి లాగుడు వదినా, అదే మోసుకుపోతుంది,” అన్నాడు జెరోం. “ఆ రోజు ఇంతకన్నా ఎక్కువ.”

“ఎంతసేపయింది మనం ఆగి?”

జెరోం చేతి గడియారం చూశాడు. “పది నిమిషాలు.”

ఆమె నీళ్ళ వైపు చూస్తూ, “ఆ రోజు ఇది వెలుగుతూ ఉంటే దొరికేవాడా?” అంది. ఎవరినడిగిందో తెలియలేదు.

జెరోం, “ఆ గుర్తు నుంచి లాగుడు ఎటుందో చూసుకుని వెతికేవాణ్ణి. దొరికేవాడేమో. దొరికేవాడు కాదేమో,” అన్నాడు. అంతవరకు నిబ్బరంగా ఉన్నవాడు రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

తదేయూసుకు ఏదో చెప్పాలని ఉంది. ఏం చెప్పినా తనను తాను కాచుకున్నట్టే ఉంటుంది. తెర మీద నాలుగు వందలు దాటింది.

“అన్నా,” అంది జెసింతా, “ఇక ఆపెయ్ దాన్ని.”

అతను ఆపేశాడు. జెరోం కళ్ళు తుడుచుకుని ఇంజను తాడు లాగాడు, పడవ ఒడ్డు వైపు తిరిగింది. చామంతుల దండ వెనక ఉండిపోయి, గుర్తంటూ లేని నీళ్ళమీద ఒక్కో రెక్క వదులుకుంటూ, నైరుతిగా పోతూనే ఉంది.