నావి కాని ఇరవై గజాలు

...అంటే ఆ ఇరవై గజాలు నావి కావు. బస్సు కిటికీకి తల ఆనించి మళ్లీ మళ్లీ అదే అనుకుంటున్నాను. ఏడేళ్లుగా మా ఫైఫ్ తీరంలో నా ఈడువాళ్లందరి కంటే బంతిని దూరం పంపింది నా ఊపు కాదు, డూగల్ చేతిపని.

పొద్దున ఎడిన్‌బరో వెళ్లింది పెద్ద కర్రకు పిడి మార్పించుకోవడానికి మాత్రమే. మా ఊళ్లో గోల్ఫ్ కర్రలు బిగించేది డూగలే. అతను ఇన్వర్‌నెస్‌లో కూతురి దగ్గరున్నాడు, రేపు పొద్దునకి గానీ రాడు. రేపే జోడీల ఫైనల్. నా జోడీ అతనే. పిడేమో అరిగి జారుతోంది. కొట్లో ఐల్సా అనే అమ్మాయి పాత రబ్బరు కోసి తీసింది. లోపల, షాఫ్ట్ మీద, అంటే కర్ర కాడ మీద, కంపెనీవాళ్లు అచ్చువేసిన అక్షరాలు కనిపించాయి: అన్నిటికన్నా తేలిక, మెత్తన, వయసు మళ్లినవారికి. బయట, నేను రోజూ చూసుకునే చోట, 'అతి గట్టిది' అన్న పట్టీ ఉంది, బలంగా ఊపే కుర్రాళ్లు వాడే రకానికి వేసేది.

"ఎవరో పొరపాటున అంటించినట్టున్నారమ్మా," అన్నాను.

"పొరపాటు కాదండీ, చాలా నీటుగా అంటించారు. కొట్టి చూడండి పోనీ."

కొత్త పిడి ఎక్కించాక, కొలిచే యంత్రం ముందు కొట్టాను. ఊపు వేగం గంటకు ఎనభై నాలుగు మైళ్లు. తర్వాత నిజంగానే అతి గట్టి, బరువైన షాఫ్ట్ ఉన్న కర్ర ఇచ్చింది. ఒళ్లంతా కూడదీసుకుని కొట్టాను. డెబ్బై తొమ్మిది. బంతి సరిగ్గా లేవలేదు. కుడికి ఒరిగి, ఇరవై గజాలు ఇవతలే పడింది.

"మీకు బిగించినాయనకి మీ ఒళ్లు బాగా తెలుసండీ," అంది మెచ్చుకోలుగా.

తెలుసు. నా ఒళ్లు ఎంత తగ్గిందో తూచి, ఆ తూకానికి కర్ర బిగించి, పైన అబద్ధం అంటించి, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుని బీరు తాగాడు. పోయిన చలికాలం మా క్లబ్బులో లోర్నీ మెత్తటి షాఫ్ట్ కొనుక్కుంటే, "ఏంరా, స్వెటర్లు అల్లుతావా దాంతో?" అన్నాను. గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది డూగల్. ఆ నవ్వు ఇప్పుడు బస్సులో వినిపిస్తోంది. ఎవర్ని చూసి నవ్వాడు? రేపు అతని పక్కన ఎలా నిలబడాలి?

తెల్లారాక, సముద్రపు గాలిలో, మొదటి గుంట దగ్గర డూగల్ చేతికి తొడుగు వేసుకుంటున్నాడు.

"ఏరా నినియన్, మొహం అలా పెట్టావేం? మీ ఆవిడ తిట్టిందా?"

"పట్టీ ఎప్పుడు అంటించావు?"

అతని చెయ్యి ఆగింది. "నీ భుజం ఆపరేషనైన ఏడాది."

"నాకు చెప్పకుండా."

"చెబితే ముట్టుకునేవాడివా నువ్వు? పాత కర్రతోనే కొట్టి ఆ భుజం మళ్లీ చింపుకునేవాడివి. లేదా ఆట మానేసి ఇంట్లో మోరాగ్‌ని కాల్చుకు తినేవాడివి. ఆవిడే అంది..."

"మోరాగ్‌కి తెలుసా?"

డూగల్ వంగి బూటుకంటిన గడ్డి దులుపుకున్నాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పుడవన్నీ ఎందుకురా. గెలిచి మాట్లాడుకుందాం."

అవతలి జోడీలో ఉన్న లోర్నీ చెయ్యి ఊపాడు. "ఏం పెద్దాయనా, ఇవాళ సముద్రం దాటించి నార్వే దాకా కొడతావా?"

ఆ గొంతులో వెటకారం వెతికాను. లేదు. జబ్బుమనిషిని పలకరించినంత మెత్తగా ఉంది. ఇన్నాళ్లూ నా మాటలకు నవ్విన ప్రతి నవ్వూ ఇంత మెత్తగానే ఉండేదేమో. నేనొక్కణ్ణే వినలేదు.

ఈ ఆటలో జోడీకి ఒకటే బంతి, వంతులవారీగా కొట్టాలి; బేసి గుంటలకి మొదటి దెబ్బ ఒకరిది, సరి గుంటలకి రెండోవారిది. మా మైదానంలో దూరపు గుంటలన్నీ బేసి అంకెలవే. అందుకని దూరం కొట్టేవాడు మొదలుపెడతాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ మాట మేము అనుకున్నది కూడా లేదు, నేనే వెళ్లి నిలబడేవాణ్ణి. మా పేర్లు పిలిచారు. డూగల్ అలవాటుగా రెండడుగులు వెనక్కి జరిగి నాకు చోటిచ్చాడు. కొడితే బంతి బాగానే వెళుతుంది. ఆ కర్ర నాకు సరిగ్గా సరిపోతుంది మరి.

జేబులోంచి బంతి తీసి డూగల్ అరచేతిలో పెట్టాను.