పది పలక

బేస్‌బాల్ మైదానంలో స్కోరుబోర్డు లోపల రెండు అంతస్తులు. పై వరుస బయటి నుంచి వచ్చిన జట్టుది, కింది వరుస సొంత జట్టుది. ఒక్కో ఇన్నింగ్స్‌లో వచ్చిన పరుగుల అంకె రాసిన రేకు పలకను కొక్కేనికి తగిలించడమే పని. ముప్ఫై ఒక్క ఏళ్ళు పై వరుస ఎర్లీన్ చూసింది, కింది వరుస ఆమె భర్త మెర్విన్. ఏప్రిల్‌లో ఎర్లీన్ పోయింది. ఈ మధ్యాహ్నం మెర్విన్ ఒక్కడే వచ్చాడు.

మొదటి ఇన్నింగ్స్‌లో ఫోన్ మోగింది. అవతల లెక్క రాసే రోండా.

"పెద్దాయనా, వాళ్ళకి రెండు."

"రెండు!" అని అలవాటుగా పైకి అరిచాడు మెర్విన్. అరిచాక నాలుక కరుచుకుని నిచ్చెన మీద కాలు పెట్టాడు. అప్పుడే పైన పలక కొక్కేనికి తగిలి ఠక్కుమంది.

గాలి అనుకున్నాడు. బయటికెళ్ళి చూస్తే రెండు అంకె తిన్నగా వేలాడుతోంది.

మూడో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వచ్చింది. కావాలనే అరవలేదు. పైన చప్పుడు లేదు. "నిద్రపోయారా?" అంది రోండా. "ఒకటి" అన్నాడు. ఠక్.

ఆ తర్వాత అతను నిచ్చెన ఎక్కలేదు. ఆమె పలికేది ప్రత్యర్థుల పరుగుకే. జీవితమంతా సొంత జట్టును కొలిచిన మనిషి, ఆ జట్టు వేసే బంతుల్ని ప్రత్యర్థులు చితక్కొట్టాలని మొక్కుకున్నాడు. చితక్కొట్టారు. ఎనిమిది ఇన్నింగ్స్‌లయ్యేసరికి స్కోరు పద్నాలుగు, ఒకటి. జనం వేరుశనగ తొక్కలు దులుపుకుని వెళ్ళిపోతున్నారు.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థులు ఆగలేదు.

"వీళ్ళ దుంపతెగ! నేను ఇంటికెళ్ళి వంట చెయ్యొద్దా?" అంది రోండా. "ఏడు!"

"ఏడు!"

ఠక్.

"ఎనిమిది... తొమ్మిది!"

తొమ్మిది తగిలాక మెర్విన్ పలకల పెట్టె వైపు తిరిగాడు. పెట్టెలో పది పలక లేదు. ఒక్క ఇన్నింగ్స్‌లో ఎవరూ ఎప్పుడూ అన్ని పరుగులు తీయలేదు. దాని మీద ఎర్లీన్ ఎప్పుడూ ఒక జోకు వేసేది: "పది అడిగిన రోజున నేను పని మానేసి దిగిపోతానయ్యోయ్, నీ వరుస నువ్వే చూసుకో."

ఇద్దరు అవుటయ్యారు. బంతి తగిలిన చప్పుడు చెక్కల సందుల్లోంచి వినిపించింది.

"పది!" అంది రోండా. "ఇరవై నాలుగు, ఒకటి. వింటున్నారా?"

మెర్విన్ ఆ అంకె పైకి చెప్పలేదు.

"పెద్దాయనా, బోర్డు మీద తొమ్మిదే ఉంది. మీ బోర్డు ఏనాడూ తప్పు చూపించలేదు కదా!"

అతను ఫోన్‌ను గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. మూడో మనిషీ అవుటై ప్రత్యర్థుల వంతు ముగిసింది. సొంత జట్టు చకచకా ఆడి ఓడిపోయింది. అతను తన వరుసలో సున్నా తగిలించాడు. మైదానం ఖాళీ అయింది. పై వరుసలో తొమ్మిది అలాగే ఉంది, అబద్ధంగా.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క తప్పు అంకె పోలేదు. ఇప్పుడు తన వల్ల తప్పు అంకె వేలాడుతోంది.

"పది, ఎర్లీన్," అన్నాడు. అరవలేదు.

పైన తొమ్మిది పలక కొక్కెం మీంచి దిగింది. దాని స్థానంలో మరో పలక ఎక్కలేదు. తర్వాత నిచ్చెన మెట్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా కిర్రుమన్నాయి.

మెర్విన్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.