కూతురి చదువు, తల్లి కొలత

గుండుసూదులు పళ్ల మధ్య బిగబట్టి, ప్యాంటు అంచు మడిచి ఆమె మిషను తొక్కుతూ ఉండగా కూతురి ఫోను మోగింది. పోయిన పిల్ల ఫోనుకు రోజూ ఛార్జింగు పెట్టడమేమిటని మొదట్లో భర్త గొణిగాడు. ఆ తర్వాత ఆయనే పెట్టడం మొదలుపెట్టాడు.

కాలేజీ నుంచి మెసేజీ. వారం వారం వచ్చేదే. "మీ పాత కళాశాల క్రెడిట్లన్నీ జర్నలిజం డిగ్రీలో కలిపాము. మూడో సంవత్సరంలో చేరడానికి మీ అంగీకారం తెలియజేయండి." పిల్ల బతికుండగా ఈ కబురు కోసం కళ్లు కాయలు కాచేలా చూసింది. అప్పుడు ఉలుకూ పలుకూ లేదు. మనిషి పోయాక మొదలుపెట్టి, ఇప్పుడు వదలకుండా పిలుస్తోంది మాయదారి కాలేజీ!

ఆ ఇరుకు కొట్టులో ఆమె బట్టలు సరిచేస్తుంది, ఆయన ఇస్త్రీ చేస్తాడు. కొత్త బట్ట కుట్టించుకోవడానికి ఆమె దగ్గరకు ఎవరూ రారు. లావెక్కినవాళ్లకి వదులు చెయ్యడం, చిక్కినవాళ్లకి బిగించడం, అక్క కోటు చెల్లికి దింపడం, ఇదే ఆమె బతుకు. సూదిపోట్లకి వేళ్ల చివర్లు మొద్దుబారాయి. మెడ ఒక పక్కకి వాలి అలాగే ఉండిపోయింది. ఆమె వెనక బట్టల మూటల మీద కూర్చుని కూతురు బిగ్గరగా వార్తలు చదివేది. "మన రేడియోని కట్టేద్దామంటే మీట దొరకదు కదే" అని ఆయన నవ్వేవాడు.

సైన్సు కాలేజీలో రెండేళ్లు చదివి, ఇది నా వల్ల కాదు, జర్నలిజంలో చేరతానంది కూతురు. రెండేళ్లూ మట్టిలో కలిసినట్టేనా అని తల్లి గుండె బాదుకుంది. "పోవమ్మా! అక్కడ చదివినవి ఇక్కడ కలుపుకుంటారు. నువ్వు అక్క కోటు చెల్లికి సరిచేస్తావు చూడు, అలాగే" అంది కూతురు. తర్వాత జ్వరమన్నారు, ఆస్పత్రన్నారు, అంతే. కళ్ల ముందే పిల్ల లేకుండా పోయింది.

ఇప్పటికీ మిషను ఆగితే చాలు, వెనక మూటల మీంచి ఆ గొంతు వినిపిస్తుంది. వార్త మొదలుపెడుతుంది, సగంలో ఆగిపోతుంది. మిగతా సగం ఎంతసేపు చెవి ఒగ్గినా రాదు. అందుకే ఆమె మిషను ఆపడానికి భయపడుతుంది.

ఈరోజు మాత్రం ఆపింది.

"కాలేజీకి వెళ్లొస్తా."

"ఎందుకే?"

"దాని చదువు నా పేరు మీదకి మార్పించుకుంటా. మిగిలింది నేను పూర్తిచేస్తా."

ఇస్త్రీపెట్టె గాల్లో ఆగిపోయింది. "మతి ఉండే మాట్లాడుతున్నావా? నవ్విపోతారు."

"నవ్వుకోనీ. బ్యాంకులో దాని డబ్బు మనకివ్వలేదూ? ఆ కాగితాలే పట్టుకెళ్తా. నేనూ స్కూలు చదువు పూర్తిచేసినదాన్నేగా!"

ఆయన చేస్తున్న చొక్కా పక్కన పడేసి, ఆమె కోటుకి ఇస్త్రీ చేసి ఇచ్చాడు.

క్రెడిట్ల సెక్షన్లో కూర్చున్నావిడకి జలుబు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరణ పత్రం చదివింది, వారసత్వ పత్రం చదివింది, రెండూ మళ్లీ చదివింది. నవ్వలేదు.

"కూర్చోండమ్మా. ఇవి ఆస్తిపాస్తులకి పనికొస్తాయి. క్రెడిట్లు మటుకు ఎవరు చదివితే వాళ్లవే. ఒకరివి ఇంకొకరికి రావు."

"నేను రోజూ చేసే పని అదేనండీ. ఒకరివి విప్పి ఇంకొకరికి..." ఆమె తన కోటు అంచు వేళ్లతో మడిచింది. "నాకు కాస్త వదులైనా ఫర్వాలేదు. ఎలాగోలా సర్దుకుంటా."

సెక్షనావిడ కాగితాలు మడిచి ఆమె ముందుకు జరిపింది. "మీకు చదవాలని ఉంటే మొదటి సంవత్సరంలో చేరచ్చు. ఎవరూ కాదనరు."

"నాకెందుకమ్మా ఇప్పుడు చదువు?"

అనేశాక ఆమే ఉలిక్కిపడింది. నిజమే, తనకి చదువు అక్కర్లేదు. ఆ వార్త సగంలో ఆగిపోకూడదు, అంతే. ఇంతదూరం వచ్చింది అందుకు.

"ఇంకో మాటమ్మా. చెప్పడానికి నాకూ నోరు రావట్లేదు" అంది సెక్షనావిడ. "బయటి కాలేజీల నుంచి వచ్చేవాళ్లకి మూడో ఏట ఉన్నది ఒకటే సీటు. అది మీ అమ్మాయి పేరున ఆగి ఉంది. వెనక ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది. ఈ వారం దాటితే ఆ పిల్లకి ఏడాది పోతుంది. వారసులు కాబట్టి, సీటు వద్దని మీరు సంతకం పెడితే..."

"పెడితే మెసేజీలు ఆగిపోతాయా?"

"ఆగిపోతాయమ్మా."

ఇంత లోకంలో ఈ ఒక్క గదిలోనే తన కూతురు ఇంకా రావలసిన మనిషి. సంతకం పెడితే ఇక్కణ్ణుంచి కూడా పోతుంది, అదీ తల్లి చేత్తో. పెట్టనని లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనలేరు.

"ఆ పిల్ల కూడా ఫోను చూసుకుంటూ కూర్చుంటుందా?"

"ఫోనేమిటమ్మా, రోజూ ఇక్కడికే వచ్చి అడుగుతోంది."

ఆమె పెన్ను అందుకుంది. సూది తప్ప మరోటి పట్టని వేళ్లు అక్షరం అక్షరం కూర్చుకుంటూ రాశాయి. సెక్షనావిడ కంప్యూటర్లో ఏవో మీటలు నొక్కింది. తెర మీద కూతురి పేరు ఉన్న వరస పోయి, కింది పేరు పైకి జరిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

లేవబోతూ ఆమె సంచిలోంచి ఒక చిన్న గుడ్డ టోపీ తీసింది. మైకు పట్టుకుని వీధిలో వార్తలు చెబుతుంటే అందులో గాలి హోరు పడుతోందని కూతురు గోల పెడితే, మెత్తటి బట్ట కొని కుట్టింది. కుట్టడం పూర్తయ్యేసరికి పిల్ల ఆస్పత్రిలో ఉంది. ఒక్కసారైనా వాడలేదు.

"ఆ అమ్మాయికివ్వండి. మైకుకి తొడిగితే మాట శుభ్రంగా వినిపిస్తుంది."

తలుపు దాటాక దాని అద్దంలోంచి ఒక్కసారి వెనక్కి చూసింది. సెక్షనావిడ ముక్కు తుడుచుకుంటోంది. బల్ల మీద, లోపల మైకు లేకపోయినా, టోపీ అలాగే గుండ్రంగా నిలబడి ఉంది.